చేంతాడుతో ఎగిరిన అమ్మ

పోయిన ఎండాకాలం ముళబాగిలు పక్కన మా అవ్వ వాళ్ల ఇల్లు పడగొట్టించే ముందు సామాన్లు తీయడానికి అమ్మా నేనూ పోయాం. ఈ పేజీ చదివే చాలామందికి అది పుట్టిల్లో అవ్వగారిల్లో అవుతుంది కాబట్టి వంటింటి వెనక గోడ గుర్తుండే ఉంటుంది. ఆ గోడకి ఒక మేకు, మేకుకి చుట్టలు చుట్టి తగిలించిన చేంతాడు. కిత్తనారతో పేనింది. చివర్లు నల్లబడి, ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. బోరు వేయించాక బావికి పని పోయింది, బావితో పాటే తాడుకీ పోయింది. పారేద్దామని నేను చేతికి తీసుకుంటే అమ్మ లాక్కుంది.

"ఉండు రా. దీంతో మేం ఎంత ఎగిరినామో తెలుసునా నీకు?"

అదే తాడు అయ్యుండదు. నీళ్లలో నాని, ఎండకి ఎండి, గిలకకి రాసుకుని, చేంతాడు ఒకటి రెండేళ్లకంటే ఎక్కువ బతకదు. అమ్మ చిన్నప్పటి తాడు ఎప్పుడో పొయ్యిలోకి పోయుంటుంది. ఆ మాట అమ్మతో అనలేదు. నేను టెస్టర్ని, తప్పులు పట్టడం నా ఉద్యోగం, కానీ అన్నిచోట్లా ఉద్యోగం చేయకూడదని పెళ్లయ్యాక తెలిసింది.

అసలు ఈ స్కిప్పింగ్ సంగతి ఇంట్లో మొదలైంది నా వల్లనే. షుగర్ బార్డర్‌లో ఉంది, రోజూ ఒళ్లు కదిలించు అన్నాడు డాక్టరు. ఆన్‌లైన్‌లో బేరింగులున్న ప్లాస్టిక్ తాడు తెప్పించి పొద్దున్నే మిద్దె మీదికి పోయేవాణ్ని. మూడు ఎగిరితే నాలుగోదానికి కాలికి తగులుకునేది. బట్టలు ఆరేయడానికి వచ్చిన అమ్మ రెండు రోజులు ఊరికే చూసింది. మూడో రోజు అంది, "తాడును చూసి ఎగిరితే అట్లే తగులుకుంటాది. నేలకి కొట్టే సద్దు విని ఎగరాల. అంత పైకి ఎందుకు ఎగర్తావు? తాడు కిందనుంచి దూరేంత చాలు."

ఆమె చెప్పినట్టు చేస్తే ఆ పొద్దే 20 దాటాను. అప్పుడడిగా, నువ్వు ఎప్పుడు మానేశావు అని. "పెద్దమనిషి అయినాక. అవ్వ తాడు తీసి మేకుకి పెట్టేసింది. మళ్లీ ఎగిరితే గర్భం జారిపోతాది అనింది." అప్పుడు అమ్మకి 13. ఇప్పుడు 61.

ఈ రెండు అంకెలూ నా తలలో ఉండిపోయాయి. ఈ ఆట ఎక్కడ పుట్టింది, ఎవరు ఆడేవారు, ఎవరిని ఎవరు ఆపారు అని రాత్రుళ్లు వెతకడం మొదలుపెట్టా. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

మొదట ఆశ్చర్యపోయింది ఇంగ్లండులో జోసెఫ్ స్ట్రట్ అనే ఆయన 1801లో రాసిన పుస్తకం గురించి చదివినప్పుడు. ఆ దేశంలో జనం ఆడే ఆటలన్నీ అందులో పోగు చేశాడు. స్కిప్పింగ్ చాలా పాతకాలం ఆట అయ్యుండచ్చు అంటాడు. బీరులో వేసే హాప్స్ తీగ కోతకొచ్చే కాలంలో, తాడుకి బదులు ఆ తీగ ఆకులు దూసేసి దాంతోనే ఎగిరేవాళ్లట. మనకి కిత్తనార, వాళ్లకి హాప్స్ తీగ. ఇంకో సంగతి, ఆయన పోటీ గురించి చెప్పేటప్పుడు ఎగిరేది మగపిల్లలు. ఆపకుండా ఎవడు ఎక్కువసార్లు తాడు తిప్పితే వాడే గెలిచినట్టు. నేను చదివిన బడిలో ఒక మగపిల్లవాడు స్కిప్పింగ్ తాడు పట్టుకుంటే ఏడో తరగతి దాకా వాడికి పేరు పెట్టి ఏడిపించారు. మాకు హగ్గజగ్గాట, అంటే తాడు లాగే ఆట, ఆడపిల్లలకి స్కిప్పింగ్. ఈ పంపకం ఎవరు చేశారో మేం ఎవరం అడగలేదు.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి ఆట ఆడపిల్లల చేతికి వచ్చింది. దాంతో పాటే హెచ్చరికలూ వచ్చాయి. అమెరికా రచయిత్రి లిడియా మరియా చైల్డ్ 1830ల్లో ఆడపిల్లల కోసం ఒక ఆటల పుస్తకం రాసింది. బానిసత్వాన్ని ఎదిరించి రాసిన ధైర్యం గల మనిషి ఆమె. స్కిప్పింగ్ ఒంటికి మంచిదే, ఒయ్యారం వస్తుంది అంటూనే, మితంగా ఆడాలి అని చెప్పింది. ఇన్ని వందలు ఎగరాలని పంతం పట్టి, ఓపిక అయిపోయినా ఆగక, రక్తనాళాలు పగిలిన అమ్మాయిలు తనకి తెలుసు అని రాసింది. ఇది చదివి నవ్వొచ్చింది, మా అవ్వ గుర్తొచ్చింది. చదువు రాని మా అవ్వా, పుస్తకాలు రాసిన ఆమే ఒకే మాట చెప్పారు, అవయవం పేరు తప్ప. స్కిప్పింగ్ చేస్తే ఆడపిల్లల గర్భసంచి జారదు. కానీ అవ్వని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. ఆమెకీ వాళ్ల అమ్మ అదే చెప్పుంటుంది.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతా. 1911లో వచ్చిన సీక్రెట్ గార్డెన్ అనే ఇంగ్లీషు నవలలో మేరీ అనే పిల్ల ఇండియాలో పుట్టి పెరిగి, తల్లిదండ్రులు పోయాక ఇంగ్లండుకి వస్తుంది. ఎప్పుడూ నలతగా, చిరాగ్గా ఉండే పిల్ల. పనిపిల్ల మార్తా వాళ్లమ్మ రెండు పెన్నీలు పెట్టి దీనికి ఒక స్కిప్పింగ్ తాడు కొని పంపుతుంది. ఇదేంటి అని మేరీ అడిగితే మార్తా నోరెళ్లబెడుతుంది. ఏనుగులూ పులులూ ఉన్న దేశంలో ఇది లేదా అని! తాడుతో ఎగిరీ ఎగిరీ ఆ పిల్లకి ఆకలి పుడుతుంది, బుగ్గలు ఎర్రబడతాయి. అమ్మకి ఈ కథ చెబితే ఒక్కటే అంది, "ఆ పిల్ల దొరల బంగ్లాలో పెరిగింటాది. బావి దగ్గరికి ఎప్పుడు పోయింటాది?"

నిజంగా నన్ను పట్టేసింది పెద్దవాళ్ల స్కిప్పింగ్. ఇంగ్లండు దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊరుంది. అక్కడ గుడ్ ఫ్రైడేకి పొడుగు తాడు రోజు అని పేరు. చేపలు పట్టే కుటుంబాలు, ఆడా మగా, పిల్లా పెద్దా, సముద్రం ఒడ్డుకి వచ్చి ఇద్దరు రెండు వైపులా తాడు తిప్పుతుంటే వరసగా దూరి ఎగిరేవాళ్లు. కేంబ్రిడ్జిలో పార్కర్స్ పీస్ అనే మైదానంలోనూ అదే రోజు ఇదే ఆట. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు దిగుతాడని బ్రైటన్ ఒడ్డుకి ముళ్లకంచె వేశారు, ఆట అక్కడ ఆగిపోయింది. ఉత్తరాన స్కార్‌బరోలో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఈస్టర్ ఉపవాసాల ముందు వచ్చే మంగళవారం మధ్యాహ్నం గంట కొడతారు, సముద్రం పక్క రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, బారు తాళ్లు తెచ్చి రోడ్డుకి అడ్డంగా తిప్పుతారు. పడవలకి పనికిరాని పాత తాళ్లు వాడుకునేవాళ్లని చెబుతారు.

ఆ ఫొటోలు చాలాసేపు చూశా. టోపీ పెట్టుకున్న తాతలు, పొడుగు కోటు వేసుకున్న అమ్మమ్మలు, పొట్టలున్న మగవాళ్లు, అందరూ గాల్లో. ఎవరూ సిగ్గుపడడం లేదు. ఏడాదికి ఒక్క రోజు ఊరంతా ఒప్పుకుంది కాబట్టి సిగ్గు లేదు. మన ఉగాదికీ సంక్రాంతికీ పెద్దవాళ్లు ఏం ఆడతారు అని ఆలోచించా. మగవాళ్లకి పేకాట ఉంది, పల్లెల్లో ఎద్దుల పండగ ఉంది. ఆడవాళ్లకి వంట ఉంది.

బడుల్లోకి ఈ తాడు ఎలా వచ్చిందో నాకు అంతా అర్థం కాలేదు గానీ, ఒక దారి ఇది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన మద్రాసులో వైఎంసీఏ తరఫున వ్యాయామ విద్య కాలేజీ పెట్టాడు. దక్షిణాదిలో చాలా బడులకి డ్రిల్ మాస్టర్లు అక్కడినుంచి వచ్చారు. మా పీటీ మేష్ట్రు బీరువాలో విజిల్, త్రోబాల్, నాలుగు చెక్కపిడి స్కిప్పింగ్ తాళ్లు ఉండేవి. వార్షికోత్సవం ముందు తప్ప తాళ్లు బయటికి వచ్చేవి కావు.

పెద్దవాళ్లలో బాక్సర్లు ఎప్పుడూ ఎగురుతూనే ఉన్నారు, వాళ్లని ఎవరూ ఏడిపించలేదు, ఏడిపిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి. మామూలు జనం మళ్లీ తాడు పట్టుకోవడం వెనక 1968 నాటి ఒక పరిశోధన పేరు పదే పదే వినిపిస్తుంది. అమెరికాలో జాన్ బేకర్ అనే ఆయన కాలేజీ కుర్రాళ్లని రెండు గుంపులు చేసి 6 వారాలు చూశాడు. రోజుకి 10 నిమిషాలు స్కిప్పింగ్ చేసినవాళ్లకీ 30 నిమిషాలు జాగింగ్ చేసినవాళ్లకీ గుండె సత్తువ ఇంచుమించు ఒకేలా పెరిగిందని తేలింది. ఇంటర్నెట్‌లో ఈ మాట వేయి చోట్ల ఉంది, "కాలేజీ కుర్రాళ్లు" అనే మాట మాత్రం ఎక్కడో గానీ లేదు. ఇరవై ఏళ్ల ఒంటి మీద చేసిన టెస్టు, అరవై ఏళ్ల ఒంటికి పాస్ అయినట్టు కాదు. మా ఆఫీసులో ఇలాంటి రిపోర్టు ఇస్తే తిప్పి పంపుతారు.

నాకు వాటికంటే మనుషుల కథలు నచ్చాయి. న్యూయార్క్‌లో ఆడపిల్లలు ఫుట్‌పాత్ మీద రెండు తాళ్లు ఒకేసారి తిప్పి ఎగిరే డబుల్ డచ్ ఆడేవాళ్లు. ఆ ఆట తగ్గిపోతోందని 1973లో డేవిడ్ వాకర్, యులిసెస్ విలియమ్స్ అనే ఇద్దరు పోలీసులు దానికి నియమాలు రాసి పోటీ ఆటగా మార్చారు. మరుసటి ఏడు మొదటి పోటీకి 600 మంది దాకా పిల్లలు వచ్చారు. ఆ కాలం పిల్లలు ఇప్పుడు నడివయసు దాటారు. 2016లో చికాగో దగ్గర 40+ డబుల్ డచ్ క్లబ్ అని పెట్టుకున్నారు, చేరాలంటే 40 దాటుండాలి. ఆడవాళ్లు పార్కుల్లో కలిసి, చిన్నప్పటి తాడు మళ్లీ తిప్పుతారు. 2020 లాక్‌డౌన్‌లో లండన్‌లో రాజిందర్ సింగ్ అనే 70 దాటిన పెద్దాయన తోటలో స్కిప్పింగ్ చేస్తూ వీడియోలు పెట్టి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల కోసం డబ్బు పోగు చేశాడు. తలపాగా పెట్టుకుని ఎగిరే ఆ తాతని స్కిప్పింగ్ సిఖ్ అన్నారు, రాణి పేరుతో బిరుదు ఇచ్చారు. ఆయనకి స్కిప్పింగ్ నేర్పింది వాళ్ల నాన్న.

ఈ వీడియో అమ్మకి చూపించా. పూర్తిగా చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, "నేనూ ఎగర్తా" అంది.

నేనేమన్నానో రాయాలి, లేకపోతే ఇదంతా రాసి లాభం లేదు. "నీకెందుకమ్మా ఈ వయసులో, మోకాళ్లు చూసుకో" అన్నా. అమ్మ ఏమీ అనలేదు. మడతపెట్టిన బట్టలు తీసుకుని కిందికి పోయింది. ఆ రాత్రి లిడియా చైల్డ్ గురించి రాసుకున్న కాగితం మళ్లీ చదువుకున్నా. అవ్వ గర్భం అంది, ఆమె రక్తనాళాలు అంది, నేను మోకాళ్లు అన్నా.

మరుసటి వారం అమ్మని ఎముకల డాక్టరుకి చూపించాం. మెత్తటి బూట్లు వేసుకుని, చదునైన చోట, కొంచెం కొంచెంగా అయితే ఎగరచ్చు, నొప్పి వస్తే ఆపేయాలి అన్నాడు. నా ప్లాస్టిక్ తాడు అమ్మకి నచ్చలేదు. దానికి సద్దు లేదంట. కె.ఆర్.పురం సంతలో 8 మీటర్ల నూలు తాడు కొన్నాం. ఆదివారం పొద్దున మిద్దె మీద ఒక కొన నేను, ఇంకో కొన మా ఇంటావిడ పట్టుకున్నాం. తిప్పడం కూడా ఒక విద్య అని అప్పుడే తెలిసింది. ఇద్దరి చేతులూ కలవకపోతే తాడు మధ్యలో పాములా మెలిక తిరుగుతుంది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని పక్కన నిలబడి, తాడు నేలని కొట్టినప్పుడల్లా తల ఊపుతూ, ముందుకి ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు వేస్తూ చాలాసేపు లోపలికి రాలేదు. మా చేతులు నొప్పి పుట్టాయి. ఆపేద్దామా అని అనబోతుంటే దూరింది.

నాలుగో దానికి కాలికి తగిలింది. "మళ్లీ తిప్పండి" అంది. రెండోసారి పదకొండు.

మధ్యాహ్నం మా చిన్నమ్మకి వీడియో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "నీకేం పోయేకాలమే అక్కా, మనవరాలుండేదానివి" అని అయిదు నిమిషాలు తిట్టింది. అమ్మ వింటూ నవ్వుతోంది. చివర్లో చిన్నమ్మ గొంతు తగ్గించి, "ఎన్ని?" అని అడిగింది.

"పదకొండు."

"అంతేనా? నేను వచ్చేదాకా ఆ తాడు పారేయొద్దు."