లెక్కలు తీసేయమన్న చట్టం

వికలాంగుల హక్కులపై పార్లమెంటు 1995లో చేసిన చట్టం 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు, చూపులేని విద్యార్థికి పరీక్షలో స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే మనిషి) ఆ చట్టంతోనే వచ్చాయి. అయితే 30వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. చూపులేని విద్యార్థుల పరీక్షల్లోంచి పూర్తిగా గణితానికి చెందిన ప్రశ్నలు తీసేయాలట. మేలు కోరి రాసిందే, కానీ వాళ్లకు లెక్కలు రావని చట్టమే ముందుగా తేల్చేసినట్టయింది.

ఆ తీర్పు తప్పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక విద్యార్థి నిరూపించాడు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి హైదరాబాద్‌లో చదువుకున్న బొల్లా శ్రీకాంత్ పది పాసయ్యాక సైన్స్ గ్రూపు కావాలంటే, చూపులేనివారికి ఆర్ట్స్ గ్రూపులే అన్నారు. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. పాఠాలు ఆడియోలో విని చదివి ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్‌లో దొరకని చోటు అమెరికాలోని ఎంఐటీలో దొరికింది.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2007 అక్టోబర్ 1న ఖరారు చేసింది. దాన్ని అనుసరించి కొత్త చట్టం రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది.  2016 డిసెంబర్ 27న ఆ చట్టం వచ్చింది. వైకల్యాల రకాలు 7 నుంచి 21కి, ఉన్నత విద్యలో సీట్లు 5 శాతానికి పెరిగాయి. లెక్కలు తీసేయమన్న మాట పోయింది. అదనపు సమయం, స్క్రైబ్ అందరు వికలాంగ విద్యార్థులకూ హక్కులయ్యాయి.

గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పేపరుకు గంట ఎక్కువ ఇస్తారు. అది ఎక్కువేమీ కాదు. విద్యార్థి నోటితో చెప్పే సమీకరణంలో భిన్నం గీత ఎక్కడ ఆగాలో, వర్గమూలం కిందికి ఏ పదాలు రావాలో ఒక్కొక్కటీ చెప్పాలి. రాసింది చదివించుకుని దిద్దించాలి. 2018 నిబంధనల ప్రకారం అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువుండాల్సి వచ్చేది. కాపీ జరగకుండా పెట్టిన షరతే గాని, ఇంజనీరింగ్ గణితంలోని గుర్తులు తెలియని చేతికి పెన్ను ఇచ్చినట్టయ్యేది.

ఉదాహరణకు జగిత్యాల జిల్లా కథలాపూర్ పిల్లలు డిగ్రీకి కోరుట్లకో జగిత్యాలకో పోయి, ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీలో చేరితే ఈ చట్టంలోని 5 శాతం సీట్ల నియమం అక్కడ వర్తించదు. స్క్రైబ్, అదనపు సమయం, ర్యాంపు మాత్రం గుర్తింపు ఉన్న ప్రతి కాలేజీలో ఉండేలా చూడటం 16, 17 సెక్షన్ల కింద ప్రభుత్వ బాధ్యత. సీటు రాలేదని ఊరుకునేవాళ్లు ఈ రెండో హక్కును కూడా వదిలేసుకోవడం అన్యాయం.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం లేకుంటే స్క్రైబ్ లేడన్న అడ్డంకి ఇంకొన్నాళ్లు నడిచింది. చేతివేళ్లు బిగుసుకుపోయే జబ్బున్న వికాస్ కుమార్ సివిల్స్ పరీక్ష కోసం వేసిన కేసులో, 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు దాన్ని తొలగించింది. అంతకంటే తక్కువ శాతం ఉండి రాయలేనివారికి కేంద్రం 2022 ఆగస్టు 10న మార్గదర్శకాలు ఇచ్చింది.

మెట్లు, మరుగుదొడ్ల సంగతి అన్నిటికంటే వెనకబడింది. దేశంలో వికలాంగులకు అందుబాటు ఎలా ఉందో చూసి చెప్పమని 2023లో సుప్రీంకోర్టు అడిగింది హైదరాబాద్‌లోని నల్సార్‌నే. శామీర్‌పేటలో ఉన్న న్యాయ విశ్వవిద్యాలయం అది. దాని వికలాంగ అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారంగా, అందుబాటు ప్రమాణాలను సలహాల స్థాయిలోనే ఉంచిన, 2016 చట్టం కింది 15వ నిబంధన చెల్లదని 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. తప్పనిసరి నిబంధనలు రాయడానికి కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది.