గిన్నె విడదీసిన ఊరిలో పూల సహవాసం

సహవాసం అనే మాట మన సంఘాల్లో రోజూ వినబడేదే. స్త్రీల సహవాసం, యవ్వనస్థుల సహవాసం, గృహ కూడికలు అంటూ బోర్డుల మీద కూడా రాసుకుంటాం. ఈసారి ఆ మాట పట్టుకొని కొంచెం దూరం వెళ్దాం. మన దేశం దాటి, మన సిద్ధాంతం కూడా దాటి, ప్రాగ్ పట్టణంలోని ఒక యూనిటేరియన్ సంఘం దగ్గరకు. యూనిటేరియన్లు త్రిత్వాన్ని ఒప్పుకోరు. ఆ సంగతిలో మనకూ వారికీ పొత్తు కుదరదు, దాచవలసిన పనీ లేదు. అయితే ఒకే బల్ల దగ్గరకు రాలేని మనుషులను ఒకచోట ఎలా కూర్చోబెట్టాలన్న ప్రశ్న వారికీ వచ్చింది, మనకూ వస్తూనే ఉంది.

ఆ దేశంలో ప్రభువు గిన్నె కోసం రక్తం పారింది. ఆ రోజుల్లో ఆరాధనకు వచ్చిన జనానికి రొట్టె మాత్రమే ఇచ్చేవారు. ద్రాక్షారసం గురువు ఒక్కడే తాగేవాడు. 1415లో జాన్ హస్ అనే బోధకుణ్ణి సజీవంగా తగలబెట్టిన తరువాత, ఆయనను అనుసరించినవారు గిన్నె మాకూ కావాలని పట్టుబట్టారు. గిన్నె బొమ్మనే జెండాల మీద వేసుకొని యుద్ధానికి దిగారు. 1419లో మొదలైన ఆ పోరు పదిహేనేళ్లకు పైగా సాగింది. రెండు వందల ఏళ్ల తరువాత, 1620లో ప్రాగ్ పక్కనే తెల్లకొండ మీద ప్రొటెస్టెంట్ల సైన్యం ఓడిపోయింది. ఇక పాత మతంలోకి తిరిగి రావాలి, లేదా ఊరు విడిచిపోవాలి. చాలామంది తలవంచారు. తలవంచి మూడు వందల ఏళ్లు బతికారు. 1918లో చెకోస్లొవేకియా స్వతంత్ర దేశమైనప్పుడు లక్షల మంది కతోలిక సంఘం నుండి బయటికి నడిచారు. వారిలో ఎంతోమంది మరే గుడిలోనూ అడుగు పెట్టలేదు. రొట్టె, గిన్నె, అంగీలు, ధూపం చూస్తేనే వారికి పాత బలవంతం గుర్తుకొచ్చేది.

అలాంటివారి మధ్యకు 1921లో నార్బర్ట్ చాపెక్ అమెరికా నుండి తిరిగి వచ్చాడు. ఈయన 1870లో బొహీమియాలోని ఒక చిన్న ఊళ్లో కతోలిక ఇంట పుట్టాడు. కుర్రతనంలో దర్జీ పని నేర్చుకోవడానికి వియన్నా వెళ్లి, అక్కడ బాప్తిస్టుల బోధ విని పద్దెనిమిదేళ్లకు బాప్తిస్మం తీసుకున్నాడు. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్తిస్టు కుటుంబాల్లో పుట్టిన మనవారికి ఈ దారి మొదటి సగం బాగా తెలిసినదే. బాప్తిస్టు సేవకుడిగా ఏళ్ల తరబడి తిరిగాడు, సంఘాలు కట్టాడు. 1914లో అమెరికా వెళ్లాడు. అక్కడ ఆయన బోధ మీద అనుమానాలు, విచారణలు వచ్చాయి, 1919లో ఆ సేవ మానుకున్నాడు. 1921 మొదట్లో భార్య మాయాతో కలిసి న్యూజెర్సీలో యూనిటేరియన్ సంఘంలో చేరాడు. ఆమె గ్రంథాలయంలో పనిచేసిన మనిషి, తరువాత తానూ బోధకురాలైంది.

ప్రాగ్‌లో వారి కూడిక మొదట ఉపన్యాస సభలాగే ఉండేది. అంగీలు లేవు, ఆచారాలు లేవు. మాట బాగుండేది, జనం వచ్చేవారు, విని వెళ్లిపోయేవారు. పక్కన కూర్చున్నవాడితో ఏ బంధమూ లేకుండానే వెళ్లిపోయేవారు. చాపెక్ ఇక్కడ ఆగి ఆలోచించాడు. మనుషులు కలిసి చేసే పని ఒకటి లేకపోతే అది సభ అవుతుంది గాని సంఘం కాదు. అలాగని రొట్టె, గిన్నె ముందుపెడితే సగం మంది లేచిపోతారు.

1923 జూన్‌లో ఆయన అందరినీ తలా ఒక పువ్వు తెమ్మన్నాడు. తోటలోదైనా సరే, దారిపక్కదైనా సరే. వచ్చినవారు తెచ్చిన పువ్వును పెద్ద పూలకుండీలో ఉంచారు. ఎవరూ బలవంతపెట్టలేదు గనుక, పువ్వు పెట్టడమంటే నా ఇష్టంతో నేను చేరుతున్నానని చెప్పడమే. ఆరాధన ముగిశాక ప్రతివారూ కుండీలోంచి ఒక పువ్వు తీసుకొని ఇంటికి వెళ్లాలి. తాను తెచ్చినది కాదు, ఇంకొకరు తెచ్చినది. అది ఎవరు తెచ్చారు, వారిది ఏ వర్గం అని చూడకుండా చేతికి వచ్చినది తీసుకోవాలి. పద్ధతి మొత్తం ఇంతే.

పువ్వు రొట్టెకు బదులు కాగలదని మేము అనడం లేదు. ప్రభువు తన జ్ఞాపకార్థం చేయమన్నది మనం చేస్తాం. అయితే ఇంకొకరి చేతిలోనిది ఎవరిదని అడగకుండా తీసుకోవడం అన్న ఆ ఒక్క నియమం మమ్మల్ని చాలాసేపు కదలనివ్వలేదు. మన పల్లెల్లో ఒకే గిన్నె తిరిగిన రోజుల్లో ఎవరు ముందు తాగాలి, ఎవరు చివర అనే లెక్క ఉండేది. నోటితో ఎవరూ చెప్పేవారు కాదు, కూర్చునే వరుస చెప్పేది. తరువాత చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. శుభ్రత కోసం అన్నాం. శుభ్రత మాట నిజమే, దాని చాటున ఆ పాత లెక్క కూడా హాయిగా సర్దుకుంది. ఇప్పుడు ఎవరి పెదవి తగిలిన గిన్నె అన్న బెంగ ఎవరికీ లేదు. కొరింథీలో ముందొచ్చినవారు తిని మత్తెక్కి, లేనివారు ఆకలితో నిలబడ్డారని పౌలు గద్దించాడు కదా. ఆ పత్రికను మనం సంస్కారపు ఆదివారం తప్పక చదువుతాం. గద్దింపు దగ్గర కొంచెం వేగంగా చదువుతాం.

ప్రాగ్ సంఘం పెరిగింది. కార్లోవా వీధిలో సొంత భవనం వచ్చింది, సభ్యులు మూడు వేలు దాటారు. పాటలు చాలావరకు చాపెక్ స్వయంగా రాసినవే. ఏటేటా వేసవి రాగానే పూల ఆరాధన జరిగేది.

1939లో జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది. ఆ ఏడే మాయా సహాయ నిధి కోసం అమెరికా వెళ్లింది, యుద్ధం వల్ల తిరిగి రాలేకపోయింది. 1941 మార్చిలో గెస్టపో పోలీసులు చాపెక్‌నూ, ఆయన కూతుళ్లలో ఒకరినీ పట్టుకుపోయారు. విదేశీ రేడియో విన్నారన్నది నేరం. ఎవరు తెచ్చిన పువ్వో చూడవద్దని చెప్పిన మనిషిని, మనుషులను పుట్టుకను బట్టి ఏరి చంపే ప్రభుత్వం దఖావ్ శిబిరానికి పంపింది. 1942 అక్టోబరులో ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్ కోటలో విషవాయువుతో చంపారు. వయసు 72 ఏళ్లు. యుద్ధం ముగిసేదాకా భార్యకు ఆ కబురు తెలియలేదు.

ఆయన అల్లుడు కారెల్ హస్పల్ ప్రాగ్ సంఘాన్ని జర్మన్ల కాలంలోనూ, తరువాత కమ్యూనిస్టుల కాలంలోనూ నడిపాడు. మాయా 1940లోనే, భర్త ఇంకా బయట ఉండగానే, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ సంఘంలో పూల ఆరాధన జరిపించింది. అక్కడి నుండి అది అమెరికాలోని యూనిటేరియన్ సంఘాలన్నిటా పాకింది. ఇప్పటికీ మే, జూన్ నెలల్లో ఒక ఆదివారం పిల్లలూ పెద్దలూ తలా ఒక పువ్వు పట్టుకొని వస్తారు, ఇంకొకరి పువ్వుతో ఇంటికి వెళ్తారు.