జుసెప్పె మెయాట్సా: గోలు చేసినవాడు, చేయించినవాడు

1910 మే నెలలో ఇటలీ జాతీయ ఫుట్‌బాల్ జట్టు మిలాను నగరమున ఫ్రాన్సును 6-2 గోలులతో ఓడించి అంతర్జాతీయ రంగమున అడుగిడెను. ఆ ఆగస్టు 23వ తేదీన అదే నగరమున జుసెప్పె మెయాట్సా జన్మించెను. తండ్రి ప్రథమ ప్రపంచసంగ్రామమున అసువులు బాయగా, సంతలో పండ్లమ్మి తల్లి పెంచిన ఆ బాలుడు గుడ్డపీలికల బంతితో వీధులలోనే ఆట నేర్చుకొనెను.

1927లో, పదునేడేండ్ల ప్రాయమున అతడు మిలాను నగరపు ఇంటర్ జట్టులోనికి రాగా, సహక్రీడాకారుడు కోంటి ఆ లేతవయసును చూచి, ఆనాటి ప్రభుత్వము నెలకొల్పిన బాలసంఘము పేరిట, 'బలీల్లా' యని హాస్యమాడెను. మేటిజట్లన్నియు ఒకే పట్టికలో పోరాడిన ప్రథమ సంవత్సరమగు 1929-30లో ఆ బలీల్లాయే 31 గోలులు చేసి తన జట్టును విజేతగా నిలిపెను. స్విట్జర్లాండుపై తన తొలి అంతర్జాతీయ పోటీలో రెండు గోలులును, మూడు నెలల తరువాత బుడాపెస్టులో హంగరీపై మూడు గోలులును సాధించెను.

ఇట్టి గోలుకర్తను నడిమిస్థానమునుండి కదల్చుటకు సామాన్యముగా ఏ శిక్షకుడును సాహసింపడు. ఇటలీ జాతీయజట్టు శిక్షకుడు విట్టోరియో పోట్సో సాహసించెను. ఐదుగురు గల ముందువరుసలో అతనిని లోపలి కుడిస్థానమున నిలిపి, వెనుకకు దిగి బంతిని గైకొని, అంచులనున్నవారికిని నడుమనున్నవానికిని అందించు భారము నప్పగించెను. ఈ స్థానమునకు తోడివారి పరుగును ముందుగా గ్రహించు బుద్ధియు, కీర్తిని పంచుకొను హృదయమును వలయును. 1934 ప్రపంచ కప్పులో స్పెయినుతో పోటీ సమముగా ముగియగా, మరునాటి పునఃపోటీలో అతడు తలతో కొట్టిన గోలే ఇటలీని గట్టెక్కించెను. తుదిపోరున చెకోస్లొవేకియా ఓడెను. ఆ నవంబరున లండనులో మెయాట్సా, మూడు గోలులు వెనుకబడి పదిమందితో ఆడుచున్న జట్టుకు రెండు గోలులు తెచ్చి ఇంగ్లండును కలవరపెట్టెను.

1938లో, ఫ్రాన్సున, జట్టునాయకుడు అతడే. మార్సెయిలో బ్రెజిలుతో జరిగిన సెమీఫైనలులో పెనాల్టీ కొట్టు వేళ నిక్కరు ఎలాస్టిక్ తెగగా, ఒక చేత దానిని పట్టుకొనియే బంతిని గోలులోనికి పంపెనని క్రీడాలోకము నేటికిని చెప్పుకొనును. ఆ ప్రపంచ కప్పులో అతని గోలు అదొక్కటే. జూన్ 19న పారిసులో హంగరీని 4-2తో ఓడించినపుడు పియోలా, కొలౌసీ చెరి రెండు గోలులు చేసిరి. వారి వెనుక ఆటను నడిపిన నాయకుని పేరు గోలుల పట్టికకెక్కలేదు.

ఆ విజయములను ముస్సోలినీ ప్రభుత్వము తన ఘనతగా చాటుకొనెను. ఆ ప్రభుత్వము కూలినను ఆట నిలిచెను. 1938 ప్రపంచ కప్పు తరువాత కాలి రక్తప్రసరణదోషము బాధింపగా మెయాట్సా వేగము తగ్గెను. పలు జట్లలో ఆడి, 1947లో ఇంటర్‌లోనే విరమించెను. 53 పోటీలలో 33 గోలులన్న అతని జాతీయ రికార్డు 1973లో తరువాతి తరపు ఆటగాడు రీవా దాటువరకు చెక్కుచెదరలేదు. 1979లో అతడు మరణింపగా, మరుసటి యేట మిలానులోని సాన్ సీరో క్రీడాప్రాంగణమునకు అతని పేరు పెట్టిరి. ముందువరుస ఆటగానిని గోలుల లెక్కతోనే తూచువారు ఈ జీవితమును పరిశీలింపవలెను: ఇటలీకి ఆ రెండు ప్రపంచ కప్పులును దక్కినది, జాతీయజట్టులో మెయాట్సా ఇతరులచే గోలులు చేయించిన కాలముననే.