ఇనుప పురావస్తువుల తుప్పు తొలగింపు: బిలాస్‌పూర్ నేపథ్యంలో చరిత్ర

మట్టిలో దొరికిన పాత ఇనుప వస్తువు మీది తుప్పును దాని అసలు రూపం చెడకుండా తీసి, మళ్లీ తుప్పు పట్టకుండా కాపాడే పని పురావస్తు సంరక్షణలో ఒక ప్రత్యేక శాఖ. గత 130 ఏళ్లలో ఈ విద్య వెనకున్న ఆలోచన పూర్తిగా మారింది. మొదట్లో తుప్పునంతా గీకి, లోపలి లోహం మెరిసేలా చేయడమే గొప్ప అనుకునేవారు. వస్తువు అసలు రూపం చాలాసార్లు ఆ తుప్పు పొరలోనే దాగి ఉంటుందని తర్వాత తెలిసింది. ప్రాచీన స్థలాలూ రైలు మార్గాలూ పక్కపక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతంలో ఈ విద్య అవసరం చాలా ఉంది.

ప్రాంతం, ఇనుము

బిలాస్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మల్హార్‌లో సాగర్ విశ్వవిద్యాలయం 1975-78 మధ్య తవ్వకాలు జరిపింది. అక్కడ బయటపడిన వాటిలో ఇనుప పనిముట్లు కూడా ఉన్నాయి. ఈ చుట్టుపక్కల అడవుల్లో అగరియా తెగవారు తరతరాలుగా ఇనుపరాయిని బొగ్గుతో కలిపి చిన్న మట్టి కొలిమిలో కాల్చి, కాలితో తొక్కే తిత్తులతో గాలి ఊది, ఇనుప ముద్ద తీసేవారు. వారి విద్యను, వారు కొలిచే లోహాసురుడి కథలను వెరియర్ ఎల్విన్ 1942లో 'ది అగరియా' అనే పుస్తకంలో నమోదు చేశారు.

రెండో రకం ఇనుము రైలుతో వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా మార్గం పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి కళాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ మార్గంలోని పట్టణాల్లో స్థిరపడ్డాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. 2003 నుంచి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. పాత కట్టల పక్కన మట్టి తవ్వితే స్పైకులు, ఫిష్‌ప్లేట్లు, బోల్టులు దొరకడం ఇలాంటి చోట వింత కాదు.

తుప్పు స్వభావం

మట్టిలో దొరికిన మేకును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే నడిమధ్య లోహం, దాని చుట్టూ నల్లటి గట్టి పొర, ఆపైన గోధుమరంగు పొలుసు కనిపిస్తాయి. పై పొలుసులో ఇసుక రేణువులు చిక్కుకుని ఉంటాయి, లోపలి నల్లపొరలో అవి ఉండవు. ఆ రెండు పొరలు కలిసే గీతే మేకు ఒకప్పటి అసలు ఉపరితలం. సుత్తితో కొట్టి తుప్పంతా రాల్చేస్తే ఆ గీతా పోతుంది. మిగిలేది సన్నబడిన లోహపు పుల్ల మాత్రమే.

తుప్పు కన్నా పెద్ద శత్రువు దానిలో ఇమిడి ఉన్న క్లోరైడ్, అంటే ఉప్పు అంశం. తవ్వి తీసిన వస్తువుకు గాలీ తేమా తగలగానే ఈ ఉప్పు పనిచేయడం మొదలుపెడుతుంది. ఉపరితలం మీద నారింజ రంగు చెమట బిందువులు పుడతాయి, పొరలు పగిలి ఊడిపోతాయి. మట్టిలో శతాబ్దాలు నిలిచిన వస్తువు అల్మారాలో కొన్ని నెలల్లోనే ముక్కలు కావడానికి కారణం ఇదే.

పద్ధతుల పరిణామం

బెర్లిన్ రాజ మ్యూజియంలలో 1888లో రసాయన ప్రయోగశాల ఏర్పడింది. దాని అధిపతి ఫ్రీడ్రిష్ రాట్‌గెన్ 1898లో పురావస్తు సంరక్షణపై గ్రంథం ప్రచురించారు. నార్వేకు చెందిన క్రెఫ్టింగ్ 1892లో జింక్, కాస్టిక్ సోడాలతో తుప్పును వదిలించే విద్యుద్రసాయన పద్ధతిని చూపారు. డెన్మార్క్‌కు చెందిన రోసెన్‌బర్గ్ 1917లో వస్తువును ఎర్రగా కాల్చి ఉప్పు తొలగించే పద్ధతిని వివరించారు. ఉప్పు పోయేది గాని, కొలిమి వేడికి లోహం లోపలి అమరిక మారిపోయి, పాత కమ్మరి ఎలా కాల్చి ఎలా సాగగొట్టాడో చెప్పే ఆనవాళ్లు చెరిగిపోయేవి.

ఇనుప వస్తువును రుణ ధ్రువంగా ఉంచి సోడా నీటిలో కరెంటు పంపే విద్యుద్విశ్లేషణ పద్ధతి ఔత్సాహికుల్లోనూ వ్యాపించింది. లోపల గట్టి లోహం మిగిలిన వస్తువుకు అది పనికొస్తుంది. పూర్తిగా తుప్పుగా మారిన వస్తువుకు పెడితే పై పొరంతా ఊడిపోతుంది. ఇక ధన ధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు పుట్టే ప్రమాదం ఉంది. 1975లో ఆస్ట్రేలియాలో నార్త్, పియర్సన్ ప్రతిపాదించిన క్షార సల్ఫైట్ స్నానం పెద్ద మలుపు. కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైట్ కలిపిన వెచ్చని ద్రావణంలో వస్తువును చాలాకాలం నానబెట్టి, తుప్పు పొరను కదపకుండా క్లోరైడును బయటికి లాగుతారు.

ఉప్పు తీశాక టానిక్ ఆమ్లం పూయడం మరో పద్ధతి. అది ఇనుముతో కలిసి నల్లటి రక్షణ పొర కడుతుంది. మన పాతకాలపు లేఖకులు కరక్కాయ రసంలో అన్నభేది కలిపి సిరా చేసినప్పుడు జరిగినదీ ఇదే చర్య. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కరక్కాయను హర్రా అంటారు.

ఇప్పుడు సంరక్షకులు ముందుగా ఎక్స్‌రే తీసి లోపల ఎంత లోహం మిగిలిందో చూస్తారు. తర్వాత సూక్ష్మదర్శిని కింద సన్నని కత్తితో గాని, మెత్తని పొడిని గాలితో చిమ్మే యంత్రంతో గాని ఇసుక రేణువులున్న పొరను మాత్రమే తీస్తారు. చివరగా తేమ లేని గాలిలో భద్రపరుస్తారు. 1843లో జలప్రవేశం చేసిన ఎస్.ఎస్. గ్రేట్ బ్రిటన్ ఓడ ఇనుప అడుగుభాగాన్ని ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 20 శాతం తేమ ఉన్న గాలిలో నిలిపి ఉంచారు. అంత పొడిగాలి బిలాస్‌పూర్ వానాకాలంలో దానంతట అది దొరకదు. అందుకే తేమను పీల్చే సిలికా జెల్ వేసి బిగించిన డబ్బా ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది.

భారతదేశంలో

భారత పురాతత్వ సర్వేక్షణ సంస్థ 1917లో తొలి పురావస్తు రసాయనవేత్తగా మహమ్మద్ సనాఉల్లాను నియమించింది. ఆ సంస్థ రసాయన శాఖ తర్వాత డెహ్రాడూన్‌లో స్థిరపడింది. 1976లో లక్నోలో జాతీయ సంరక్షణ పరిశోధనాలయం ఏర్పడింది. ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా ఎందుకు నిలిచిందో కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధించారు. ఇనుములోని భాస్వరం వల్ల ఉపరితలంపై పలుచని రక్షణ పొర ఏర్పడిందని ఆయన వివరించారు. తుప్పు కూడా కాపలా కాయగలదనడానికి ఆ స్తంభమే నిదర్శనం.

చట్టం

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలపాలి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడాన్ని 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నిషేధిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువులకు వర్తిస్తుంది. పట్టాల పక్కన దొరికిన పాత స్పైకు కూడా రైల్వే ఆస్తే. దాన్ని అక్రమంగా ఉంచుకోవడం 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద నేరం. మెటల్ డిటెక్టర్ పట్టేవారు ఈ నాలుగు చట్టాలనూ ముందుగా తెలుసుకోవాలి.

దొరికినవారు చేయవలసినది

నిమ్మరసం, వెనిగర్, ఎమరీ కాగితం, సుత్తి వాడకూడదు. ఆమ్లం తుప్పుతోపాటు లోహాన్నీ తింటుంది. వస్తువును కదపకముందే ఫొటో తీసి, దొరికిన చోటు, లోతు రాసుకోవాలి. మట్టితో సహా డబ్బాలో పెట్టి మ్యూజియం వారికి గాని, పురావస్తు శాఖకు గాని అప్పగించాలి. తుప్పును తర్వాతైనా తీయవచ్చు. ఒకసారి రాలిపోయిన ఉపరితలాన్ని మాత్రం ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు.