సకినాల పిండీ, పిల్లల చేతులూ

మేడిపల్లి (2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల) వైపు పిల్లలకి బేకింగ్ క్లాసంటే సంక్రాంతి సకినాలే. తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము. పిండి ముట్టబోతే "చేతులు కడుక్కొని రాపో" అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు, గోళ్ళలో మట్టి తెల్లపిండిలో ఇట్టే కనిపిస్తుంది కదా!

1847లో వియన్నాలో సెమెల్‌వైస్ చేతులు కడుక్కోమంటే పెద్దపెద్ద డాక్టర్లే చాలామంది వినలేదు. 1907లో రోమ్‌లో బడి తెరిచిన మాంటిస్సోరి చేతులు కడగడం, వడ్డించడం పాఠాలుగానే పెట్టింది. 1937 వార్ధా సభ తర్వాత గాంధీగారి నయీ తాలీంలోనూ వంటా, శుభ్రతా చదువులో భాగమయ్యాయి.

మన దగ్గర ఇంకో మెలిక ఉందండీ. శుభ్రతని మడితో కలిపేశాం, మడేమో కులం అడుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైతే, వంటవాళ్ళుగా దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వమని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. వంటామె చేతులు చూడకుండా కులం అడిగే పెద్దల్ని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారు?

నన్నడిగితే, సంక్రాంతి సెలవుల ముందు ఒకరోజు ఆ వంటామెతోనే బడి పిల్లలందరికీ సకినాలు చుట్టడం నేర్పించాలి. నూనె మూకుడు దగ్గర మాత్రం పెద్దవాళ్ళే ఉండాలి లెండి.