వెడల్పు కాళ్ళ పంట్లాం: రాత్రి నృత్యశాలల నుండి మన ఊరి దాకా

పాదాల వద్ద విచ్చుకొని నేలను తుడుస్తూ నడిచే పంట్లాములు లోకంలో సుమారు నూరేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నవి. 1970లలో మన పెద్దలు వీటిని బెల్‌బాటం అన్నారు. 1990లలో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాల రాత్రి నృత్యాలలో ఇవే మరింత వెడల్పై తిరిగి వచ్చినవి. 2020 తరువాత ‘బ్యాగీ’ అనే పేరుతో మన వైపు పట్టణాల బట్టల దుకాణాలలోనూ వ్రేలాడుతున్నవి.

పుదూరు చుట్టుపట్ల తెలుగు ఇండ్లలో ఈ పంట్లాం మాట వస్తే రెండు పక్షాలు ఏర్పడుట సహజం. ‘ఇదేమి గోనెసంచి?’ అని పెద్దల ప్రశ్న. ‘అందరూ వేస్తున్నారు కదా’ అని పిల్లల జవాబు. ఆ పెద్దలలో కొందరు తమ పడుచు వయసు ఫోటోలో బెల్‌బాటంతో నిలిచినవారే. కావున ఈ ఉడుపు ఎక్కడ పుట్టినది, నృత్యానికి ఎందుకు పనికి వచ్చినది, మన పనిపాటలలో ఎక్కడ పనికిరాదు అనే సంగతులు ఇంటిల్లిపాదికీ తెలియుట మంచిది.

కొలతలు, రకాలు

దర్జీ పంట్లాంకు నడుము, సీటు, తొడ, మోకాలు, బాటం, పొడవు అనే కొలతలు తీస్తాడు. బాటం అనగా పాదం వద్ద కాలి అంచు చుట్టుకొలత. సాధారణ పంట్లాంకు ఇది 14 నుండి 17 అంగుళాలు ఉంటుంది. వెడల్పు పంట్లాములలో మూడు రకాలు ముఖ్యమైనవి.

మొదటిది బెల్‌బాటం. తొడ, మోకాలు బిగువుగా ఉండి, మోకాలి క్రింద గంట వలె విచ్చుకుంటుంది. బాటం 22 నుండి 28 అంగుళాల దాకా ఉంటుంది. రెండవది ప్యారలల్. తొడ నుండి పాదం వరకు ఇంచుమించు ఒకే వెడల్పు. ఆడపిల్లలు ధరించే పలాజో దీనికి దగ్గరి చుట్టం. మూడవది బ్యాగీ. ఇది నడుము క్రింది నుండే వదులు. 1990ల నృత్యశాలలలో దీని బాటం 30 అంగుళాలు దాటినది. కొన్నింటిలో 50 అంగుళాలకు కూడా చేరినది.

నృత్యానికి ముందటి కథ

వెడల్పు కాళ్ళ పంట్లాం మొదట ఓడలలో పనివారి ఉడుపు. 19వ శతాబ్దిలో అమెరికా నౌకాదళపు నావికులు దీనిని ధరించారు. ఓడ పైభాగం కడిగేటప్పుడు మోకాళ్ళ పైకి సులువుగా చుట్టుకోవచ్చునని, నీటిలో పడితే బూట్ల మీదుగానే లాగివేయవచ్చునని దీనికి కారణం చెబుతారు.

1920లలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులు వదులు పంట్లాములను వేడుకగా ధరించారు. వాటికి ‘ఆక్స్‌ఫర్డ్ బ్యాగ్స్’ అని పేరు వచ్చినది. 1930, 40లలో అమెరికాలోని నల్లజాతి యువకులు, మెక్సికో సంతతి యువకులు జాజ్ నృత్యశాలలకు ‘జూట్ సూట్’ ధరించి వెళ్ళేవారు. దాని పంట్లాం మోకాలి వద్ద ఎంతో వెడల్పు, చీలమండ వద్ద బిగువు. యుద్ధకాలంలో 1942లో అమెరికా ప్రభుత్వం దుస్తులకు వాడే గుడ్డపై పరిమితి విధించినది. ఎక్కువ గుడ్డ వాడే ఈ ఉడుపు దేశద్రోహపు గుర్తు అని కొందరు తలచారు. 1943 జూన్‌లో లాస్ ఏంజిల్స్ వీధులలో నావికులు, సైనికులు ఈ దుస్తులలో ఉన్న యువకులను పట్టుకొని కొట్టి, బట్టలు ఊడదీశారు. ఉడుపు మీద కోపం మనుషుల మీద కోపంగా మారుట ఎంత సులభమో ఆ సంఘటన తెలుపుతుంది.

మిల్లు ఊళ్ళలో రాత్రి నృత్యం

వెడల్పు పంట్లాం నృత్యానికి నిజంగా ఉపయోగపడినది ఉత్తర ఇంగ్లండులో. విగన్ అనే ఊరు మన కోవిల్‌పట్టి వలె నూలు మిల్లులు నడిచిన ఊరు. అక్కడ బొగ్గు గనులు కూడా ఉండేవి. ఆ ఊరిలో ‘విగన్ క్యాసినో’ అనే నృత్యశాలలో 1973 నుండి 1981 వరకు తెల్లవారే దాకా నృత్యాలు జరిగినవి. వచ్చినవారు ఎక్కువగా కార్మిక కుటుంబాల పిల్లలు. అక్కడ సారాయి అమ్మేవారు కాదు. పాదాలు జారుటకు నేలపై పౌడరు చల్లుకొని, గిరగిర తిరిగి, వెనుకకు వాలి, కాళ్ళు ఎగురవేసి ఆడేవారు. బిగువు పంట్లాం అటువంటి ఆటలో కుట్టు విడిపోతుంది. వదులు పంట్లాం కాలిని ఆపదు. పైగా తిరిగేటప్పుడు గొడుగు వలె విచ్చుకొని ఆటను ఎత్తి చూపుతుంది. మన కోలాటంలో, భరతనాట్యంలో పావడ కుచ్చిళ్ళు చేసే పని అక్కడ పంట్లాం చేసినది.

అక్కడికి దగ్గరలోనే మాంచెస్టరు నగరం ఉన్నది. అక్కడ 1982లో తెరిచి 1997లో మూతపడిన ‘హసియెండా’ క్లబ్బు ప్రసిద్ధమైనది. 1988 ప్రాంతంలో యంత్రవాద్యాలతో కూర్చిన ‘హౌస్’ సంగీతం అక్కడ ఊపందుకున్నది. స్టోన్ రోజెస్, హ్యాపీ మండేస్ అనే సంగీత బృందాల అభిమానులు పెద్ద టీషర్టులు, వెడల్పు జీన్సు ధరించుటచే ఆ సంగీతానికే ‘బ్యాగీ’ అని పేరు పడినది. ఆ జీన్సు అమ్మి పేరు తెచ్చుకున్న మాంచెస్టరు సంస్థ ‘జో బ్లాగ్స్’ను స్థాపించినది పాకిస్తానులో పుట్టిన షమీ అహ్మద్ అనే వ్యాపారి. ఆంగ్లేయుల పిల్లల వేషం వెనుక మన ఉపఖండపు బట్టల వ్యాపారం ఉన్నదన్నమాట.

రేవ్ అంటే ఏమి?

పాత గోదాములలో, బయలు పొలాలలో రాత్రంతా యంత్ర సంగీతానికి గుంపుగా ఆడే నృత్యమే రేవ్. అప్పటి ఇంగ్లీషు క్లబ్బులలో పలుచోట్ల బూట్లు, చొక్కా వంటి ఉడుపు నిబంధనలు ఉండేవి. రేవ్‌లో అవి లేవు. ఎనిమిది, పది గంటలు చెమట కారుతూ ఆడేవారికి గాలి తగిలే బట్ట, నీళ్ళ సీసా పట్టే జేబు కావలెను. వదులు పంట్లాం ఈ రెండూ ఇచ్చినది. ఈ నృత్యాలలో మత్తుమందుల వాడకం కూడా ఉండుట, చప్పుడుపై ఫిర్యాదులు రావుట వలన 1994లో బ్రిటను ప్రభుత్వం రేవ్‌లను ఆపే అధికారాన్ని పోలీసులకు చట్టం ద్వారా ఇచ్చినది.

అమెరికాలో ఈ వేషానికి గుర్తుగా నిలిచినది ‘జెన్కో’ జీన్సు. మొరాకోలో పుట్టి ఫ్రాన్సులో పెరిగిన రెవా సోదరులు 1985లో లాస్ ఏంజిల్స్‌లో ఈ సంస్థను స్థాపించారు. 1998లో దీని అమ్మకాలు 18 కోట్ల 69 లక్షల డాలర్లకు చేరినవి. మరుసటి సంవత్సరమే సుమారు సగానికి పడిపోయినవి. కొన్ని పాఠశాలలు ఈ జీన్సును నిషేధించినవి. 2019లో ఇది మళ్ళీ బజారుకు వచ్చినది. ఫ్యాషను మీద పెట్టిన పెట్టుబడి ఎంత తొందరగా కరుగునో చెప్పుటకు ఈ లెక్క చాలును.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో ‘షఫుల్’ అనే నృత్యం పుట్టినది. మడమలు, మునివేళ్ళు వేగంగా జరుపుతూ ఆడే ఈ ఆటకు వెడల్పు పంట్లాం తోడైనది. ఆటగాళ్ళు కొందరు దానిని స్వయంగా కుట్టుకొని, వెలుగు పడితే మెరిసే పట్టీలు అంచున అతికేవారు. 2000ల చివరి ఏండ్లలో ఇంటర్నెట్ వీడియోల ద్వారా ఈ నృత్యం మలేషియా యువకులకు ప్రీతిపాత్రమైనది. మలేషియాలో బంధువులు ఉన్న మన కుటుంబాలకు ఈ పేరు వినబడి ఉండవచ్చును.

మన దేశంలో

రేవ్ సంగీతం మన దేశంలో గోవాలోని అంజునా తీరాన వేళ్ళూనినది. 1980, 90లలో అక్కడ విదేశీ యాత్రికుల రాత్రి నృత్యాల నుండి ‘గోవా ట్రాన్స్’ అనే సంగీత శాఖ పుట్టినది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదు. మన గుడి తిరునాళ్ళకు వర్తించేది కూడా ఆ నియమమే.

అయితే మన ఊళ్ళకు వెడల్పు పంట్లాం వచ్చిన దారి వేరు. అది సినిమా దారి. 1977లో ‘అడవి రాముడు’, ‘యమగోల’ చిత్రాల కాలానికి ఎన్.టి. రామారావు బెల్‌బాటం ధరించి ఆడిపాడుట తెలుగు ప్రేక్షకులకు అలవాటైనది. 1979లో కె. బాలచందర్ ఒకే కథను తమిళంలో ‘నినైత్తాలే ఇనిక్కుం’, తెలుగులో ‘అందమైన అనుభవం’ అని తీశారు. కమల్ హాసన్, రజనీకాంత్ నటించిన ఆ చిత్రం సింగపూరు వెళ్ళిన సంగీత బృందం కథ. రెండు భాషల ఇండ్లకు ఆ వేషం ఒకేసారి చేరినది. 1980 నాటి మదురై యువకుల కథగా 2008లో వచ్చిన ‘సుబ్రమణియపురం’ ఆ బెల్‌బాటంను మళ్ళీ గుర్తుకు తెచ్చినది. అది ‘అనంతపురం 1980’ పేరుతో తెలుగులోకి కూడా వచ్చినది.

ఆ కాలానికి టెర్లిన్, టెరీకాటన్ గుడ్డలు విరివిగా దొరికినవి. ఇవి నలగవు, ఇస్త్రీ మడత నిలుపుతవి. కావున గంట ఆకారం చక్కగా నిలిచేది. నేలకు రాసుకొని అంచు చిరగకుండా చుట్టూ జిప్పు కుట్టించుకొన్నవారు కూడా ఉన్నారు.

మన పనిపాటలలో జాగ్రత్తలు

నృత్యశాల నేల చదునైనది. అక్కడ బట్టను పట్టి లాగేది ఏదీ లేదు. మన ఊరి సంగతి వేరు. నల్లరేగడి నేల వానకు తడిస్తే అంచుకు బంకవలె అంటుకొని కాలు బరువెక్కుతుంది. తుమ్మముల్లు గుడ్డలో చిక్కుతుంది. ఇవి ఇబ్బందులు మాత్రమే. ఈ క్రిందివి ప్రాణానికి సంబంధించినవి.

సైకిలు, మోటారు సైకిలు: మూత లేని గొలుసులో, చక్రపు కమ్మీలలో వెడల్పు అంచు చిక్కితే బండి ఒక్కసారిగా ఆగి మనిషి పడిపోతాడు. గేరు కడ్డీకి, సైడ్ స్టాండుకు తగులుకొన్నా కాలు సమయానికి నేల మీద ఆనదు. బండి ఎక్కే ముందు అంచును మడిచి రబ్బరు బ్యాండు గాని, క్లిప్పు గాని పెట్టవలెను. వెనుక కూర్చున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది.

పొలం యంత్రాలు: ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసు, నూర్పిడి యంత్రపు బెల్టు వదులు గుడ్డను క్షణంలో చుట్టుకుంటవి. చేయి వేసి లాగుకొనే వ్యవధి ఉండదు. అక్కడ వెడల్పు పంట్లాం, వ్రేలాడే కండువా రెండూ వద్దు.

అగ్గిపెట్టె, బాణసంచా పనులు: కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వైపు పనికి వెళ్ళే కుటుంబాలు దీనిని ముఖ్యంగా గమనించవలెను. నైలాన్, పాలియెస్టరు గుడ్డ రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. వదులుగా ఉండి కాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటే రాపిడి ఇంకా ఎక్కువ. బాణసంచా మందుకు ఆ చిన్న నిప్పురవ్వ చాలును. పైగా ఆ గుడ్డ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఆ పనికి ఒంటికి తగినట్లున్న నూలు బట్టలే సరైనవి.

గుడ్డ లెక్క

58 అంగుళాల పన్నా గుడ్డను నిలువుగా మడిస్తే 29 అంగుళాలు వస్తుంది. 24 అంగుళాల బాటం అయితే ముందు ముక్క, వెనుక ముక్క కుట్టు అంచుతో కలిసి 27 అంగుళాలలో ప్రక్కప్రక్కన పడతవి. సాధారణంగా పట్టే మీటరుంబావు ప్రాంతంలోనే పంట్లాం తయారవుతుంది. 40 అంగుళాల బాటంకు రెండు ముక్కలు ప్రక్కన పట్టవు. ఒకదాని తరువాత ఒకటి పరచవలెను. గుడ్డ ఇంచుమించు రెట్టింపు కావలెను. బాటం మరీ వెడల్పైతే ఖర్చు ఎందుకు ఎగురుతుందో ఈ లెక్కతో తెలుస్తుంది.

వెడల్పు పంట్లాంను దర్జీ తరువాత సన్నగా చేయగలడు. సన్నదానిని వెడల్పు చేయలేడు. పొడవు మాత్రం చెప్పులు వేసుకొని నిలిచినప్పుడు అంచు నేలకు అంగుళం పైన ఉండునట్లు కత్తిరించుకోవలెను. అంచు లోపల రెండంగుళాల మడత ఉంచితే పిల్లవాడు పొడుగైనప్పుడు విప్పుకోవచ్చును.

పెండ్లికి, తిరునాళ్ళకు, కళాశాల వేడుకకు బ్యాగీ వేసుకొన్న పిల్లలతో తగవు పెట్టుకోవలసిన అవసరం లేదు. ఆ పంట్లాంతో బండి ఎక్కేటప్పుడు, యంత్రం దగ్గరకు పోయేటప్పుడు, మందు గదిలో అడుగు పెట్టేటప్పుడు మాత్రం పెద్దల మాట వినక తప్పదు.