డబ్బా మీద డబ్బా: స్విచ్‌ల స్టాక్‌లో ఆలస్యం ఎక్కడ దాక్కుంటుంది?

నెట్‌వర్క్ పూర్తిగా ఆగిపోతే పని సులువు. ఏ వైరు ఊడిందో, ఏ డబ్బాకి కరెంటు రావట్లేదో వెతికితే దొరుకుతుంది. అసలు తలనొప్పి "పనిచేస్తోంది కానీ స్లోగా ఉంది" అన్నప్పుడు. లైట్లన్నీ పచ్చగానే వెలుగుతుంటాయి. ఏ డబ్బాలోకి వెళ్లి చూసినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోన్లు మాత్రం మోగుతూనే ఉంటాయి. ఈ ఎపిసోడ్‌లో ఆ స్లోనెస్ చరిత్ర చెప్పుకుందాం. ముఖ్యంగా ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక కేబుళ్లతో కలిపి, అన్నిటినీ ఒకే స్విచ్‌లా నడిపే "స్టాక్" ఉంది చూశారా, అందులో లేటెన్సీని పట్టుకోవడం ఎందుకంత కష్టమైందో చూద్దాం.

మొదట్లో స్విచ్ అన్నదే లేదు. 1973లో జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచనను కాగితం మీద పెట్టినప్పుడు, అందరికీ కలిపి ఒకే తీగ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే రెండూ ఢీకొంటాయి, ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ పంపాలి. అప్పుడు నెట్ స్లో అంటే ఒకటే కారణం, తీగ మీద జనం ఎక్కువయ్యారు. ఆ జనాన్ని విడదీయడానికి రెండు తీగల మధ్య బ్రిడ్జ్ అనే పెట్టె పెట్టడం మొదలైంది.

బ్రిడ్జ్‌తో ఒక చిక్కు వచ్చింది. భద్రత కోసం రెండు దారులు వేశామనుకోండి, ప్యాకెట్ ఆ రెంటి మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి "ఇన్ని మెట్లు ఎక్కాక చచ్చిపో" అనే లెక్క లేదు. ఐపీ ప్యాకెట్‌కి ఆ లెక్క ఉంది, దీనికి లేదు. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి పరిష్కారం రాశారు. అదే స్పానింగ్ ట్రీ. బ్రిడ్జ్‌లన్నీ తమలో తాము మాట్లాడుకుని, ఒక చెట్టు ఆకారం మిగిలేలా అదనపు దారులను తాత్కాలికంగా మూసేసుకుంటాయి. ఆవిడకి ఇచ్చిన గడువు కంటే ముందే పని అయిపోయి, మిగిలిన టైంలో ఆ అల్గారిథమ్ మీద ఒక పద్యం కూడా రాశారు. ఈ చెట్టుకి ఒక హద్దు ఉంది, గుర్తుపెట్టుకోండి. మామూలు టైమర్లతో నడిపితే ఈ కొస నుంచి ఆ కొసకి 7 బ్రిడ్జ్‌లు దాటకూడదు. మళ్లీ ఆ 7 దగ్గరికే వస్తాం.

ఇక స్విచ్. సిలికాన్ వ్యాలీలో భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి ఒక కంపెనీ పెట్టి, దానికి భరద్వాజ్ గారి భార్య పేరు పెట్టారు: కల్పన. 1990లో ఆ కల్పన కంపెనీ ఈథర్‌స్విచ్ అనే 7 పోర్టుల పెట్టెను తెచ్చింది. ఈ పెట్టె అమ్ముడుపోయిందే లేటెన్సీ మాట మీద. చిన్న లెక్క చూడండి. ఈథర్‌నెట్‌లో పెద్ద ఫ్రేమ్ 1518 బైట్లు, అంటే 12,144 బిట్లు. అప్పటి వేగం సెకనుకి 10 మెగాబిట్లు. మొత్తం ఫ్రేమ్ లోపలికి వచ్చేదాకా ఆగి, తప్పులు చూసుకుని, అప్పుడు బయటికి పంపే బ్రిడ్జ్ అయితే ఒక్కో మెట్టు దగ్గర 1.2 మిల్లీసెకండ్లు ఊరికే పోతాయి. కల్పన పెట్టె అంతసేపు ఆగలేదు. ఫ్రేమ్ తల భాగంలో ఉన్న చిరునామా కనపడగానే, తోక ఇంకా లోపలికి వస్తుండగానే, తలని అటువైపు తోసేసేది. కట్-త్రూ అంటే ఇదే. ఆలస్యం మైక్రోసెకండ్లలోకి దిగిపోయింది. ఫ్రేమ్ పాడైపోయి ఉన్నా సరే అలాగే ముందుకు పంపేస్తుంది, అది వేరే గొడవ.

తమాషా ఏంటంటే, ఆ గొప్ప తేడా కొన్నేళ్లకే విలువ కోల్పోయింది. 100 మెగాబిట్లలో అదే ఫ్రేమ్‌కి 121 మైక్రోసెకండ్లు, గిగాబిట్‌లో 12 మైక్రోసెకండ్లు. మనిషికి తెలిసే తేడా కాదు. 1994లో సిస్కో కల్పనని కొనేసింది. స్టాక్ మార్కెట్ ట్రేడింగ్ లాంటి చోట్ల తప్ప మామూలు ఆఫీసుల్లో కట్-త్రూ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కానీ "స్విచ్ అంటే ఆలస్యం లేనిది" అన్న నమ్మకం మాత్రం మిగిలిపోయింది. నన్నడిగితే తర్వాతి కష్టాలు సగం ఆ నమ్మకంలోంచే పుట్టాయి. ఆలస్యం లేనిదైతే ఒకదాని వెనక ఒకటి ఎన్ని తగిలిస్తే ఏంటి? పోర్టులు చాలకపోతే ఇంకోటి తగిలించు. పక్క బిల్డింగ్ కలిసిందా, ఇంకోటి తగిలించు.

అలా తగిలించుకుంటూ పోతే ఏమవుతుందో బోస్టన్‌లో తెలిసింది. బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ అని పెద్ద ఆసుపత్రి, హార్వర్డ్‌కి అనుబంధం. 1996లో రెండు ఆసుపత్రులు కలిసి ఒకటైంది. కంప్యూటర్ల వాడకంలో అమెరికాలోనే ముందున్న ఆసుపత్రుల్లో ఒకటని పేరు. 2002 నవంబర్ 13, బుధవారం. నెట్‌వర్క్ నెమ్మదించడం మొదలైంది. గమనించండి, ఆగిపోలేదు, నెమ్మదించింది. ఒక పరిశోధకుడు చాలా పెద్ద డేటాని నెట్‌వర్క్ మీదికి వదలడంతో దారులు కిక్కిరిశాయి. అంత రద్దీలో బ్రిడ్జ్‌లు ఒకదానితో ఒకటి చెప్పుకోవాల్సిన "నేను బతికే ఉన్నాను" అనే చిన్న సందేశాలు సమయానికి అందలేదు. సందేశం అందని బ్రిడ్జ్ ఏమనుకుంటుంది? అవతలి దారి తెగిపోయిందనుకుని, మూసి ఉంచిన దారిని తెరుస్తుంది. తెరవగానే చక్రం ఏర్పడుతుంది. ఫ్రేములు తిరగడం మొదలవుతుంది. రద్దీ ఇంకా పెరుగుతుంది.

తర్వాత లెక్క తీస్తే, రేడియాలజీ చిత్రాలు వెళ్లే ఒక దారిలో 10 మెట్లున్నాయని తేలింది. హద్దు 7. ఎవరూ ఒక్కరోజులో 10 చెయ్యలేదండీ. అవసరానికి తగిలించుకుంటూ వచ్చినవే. ఇన్నాళ్లూ నడిచింది కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంజినీర్లు ఒకచోట సర్దితే నెట్‌వర్క్ లేచేది, కాసేపటికి మళ్లీ పడేది. ఆసుపత్రిలో అన్నిటికంటే ప్రమాదం ఈ లేవడం పడడమే. డాక్టర్ మందు ఆర్డర్ నొక్కాడు. వెళ్లిందా? వెళ్లలేదా? రెండుసార్లు వెళ్లిందా? ల్యాబ్ రిపోర్టు రాలేదంటే పరీక్ష కాలేదా, అయి దారిలో ఇరుక్కుందా? పూర్తిగా ఆగిపోతే కనీసం అనుమానం ఉండదు. అక్కడి ముఖ్య సమాచార అధికారి జాన్ హలమ్కా చివరికి తీసుకున్న నిర్ణయం అదే. అరకొరగా నడిచేదాన్ని నమ్ముకోవద్దు, మొత్తం కాగితం మీదికి వెళ్లిపోదాం అన్నారు. దాదాపు 4 రోజులు ఆ ఆసుపత్రి కాగితం మీద నడిచింది. ల్యాబ్ ఫలితాలను మనుషులు చేత్తో పట్టుకుని వార్డులకి పరిగెత్తారు. కంప్యూటర్‌లోనే ఆర్డర్లు రాయడం అలవాటైన చిన్న డాక్టర్లకి పెద్దవాళ్లు కాగితం మీద ఎలా రాయాలో చూపించారు. సిస్కో నుంచి ఇంజినీర్ల బృందం దిగింది, కొత్త పెద్ద స్విచ్‌లు వచ్చాయి, చెట్టుని ముక్కలు చేసి మధ్యలో రౌటింగ్ పెట్టారు. హలమ్కాలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆయన దీన్ని దాచిపెట్టలేదు. ఏం జరిగిందో అందరికీ చెప్పారు. అందుకే ఇవాళ మనం మాట్లాడుకోగలుగుతున్నాం.

ఆ మరుసటి ఏడాదే, 2003లో, సిస్కో క్యాటలిస్ట్ 3750ని, దాంతోపాటు స్టాక్‌వైజ్‌ని తెచ్చింది. స్టాక్ అన్న ఊహ అంతకుముందే ఉంది కానీ, దీన్ని ఊరూరా చేర్చింది ఇదే. 9 డబ్బాలదాకా పేర్చి, వెనక ప్రత్యేక కేబుళ్లతో గుండ్రంగా కలిపితే, బయటి ప్రపంచానికి అదంతా ఒకే స్విచ్. ఒకే ఐపీ అడ్రస్, ఒకే కాన్ఫిగరేషన్. స్పానింగ్ ట్రీ లెక్కలో కూడా ఒకే మెట్టు. బోస్టన్ లాంటి చోట వరసగా తగిలించిన పెట్టెల కష్టానికి ఇది నిజంగానే మంచి మందు. కాదనను. అయితే మెట్లు మాయమవలేదు. లెక్కపెట్టడానికి వీలున్న చోటు నుంచి వీల్లేని చోటికి వెళ్లాయి.

ఆ మొదటి స్టాక్‌వైజ్ లోపల ఏం జరుగుతుందో చూడండి. ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు దారులు, ఒక్కోటి 16 గిగాబిట్లు, కలిపి 32. మీ కంప్యూటర్ ఒకటో పోర్టులో, ప్రింటర్ అదే డబ్బా రెండో పోర్టులో ఉన్నాయనుకోండి. పక్కపక్కనే. అయినా ఆ ప్యాకెట్ రింగ్ అంతా చుట్టి రావాల్సిందే. పంపిన డబ్బాయే దాన్ని తిరిగి రింగ్ మీంచి తీసేస్తుంది. పక్కింటికి కూర గిన్నె ఇవ్వడానికి ఊరంతా ప్రదక్షిణం చేసినట్టు. తర్వాతి తరం 3750-ఈలో దీన్ని మార్చారు. ఆ డబ్బాలో పని ఆ డబ్బాలోనే అయిపోతుంది, రింగ్ వేగం కూడా 64 అయింది. కానీ అలాంటి కొత్త స్టాక్‌లో పాత 3750 ఒక్కటి కలిపితే చాలు, రింగ్ మొత్తం పాత 32కే దిగిపోతుంది. జోడెడ్లలో ఒకటి ముసలిదైతే బండి దాని నడకే నడవాలి కదా.

వెనక కేబుల్ ఒకటి వదులైతే? స్టాక్ ఆగదు, అదే దాని గొప్ప. రింగ్ తెగి సగమవుతుంది, 16 గిగాబిట్లతో నడుస్తుంది. ముందువైపు లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి. నెలల తరబడి అలాగే నడిచినా ఎవరికీ తెలియదు. "షో స్విచ్ స్టాక్-రింగ్ స్పీడ్" అని కొట్టి, ఫుల్ అని ఉందా, హాఫ్ అని ఉందా చూస్తే తప్ప.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రింగ్ చుట్టి రావడానికి పట్టేది మైక్రోసెకండ్లే. దానివల్ల ఏ అకౌంటెంటూ ఫోన్ చెయ్యడు. మనిషికి తెలిసే ఆలస్యం క్యూలో పుడుతుంది. రెండు గిగాబిట్ పోర్టుల నుంచి ఒకేసారి ఒక గిగాబిట్ పోర్టుకి డేటా పోస్తే, మిగిలింది బఫర్‌లో నిలబడాలి. ఒక మెగాబైట్ క్యూ కరగడానికి 8 మిల్లీసెకండ్లు. బఫర్ నిండితే ప్యాకెట్ పడిపోతుంది. పంపినవాడు జవాబు కోసం వందల మిల్లీసెకండ్లు ఎదురుచూసి మళ్లీ పంపుతాడు. అదీ స్లో.

దాన్ని వెతికే తీరులోనే రెండు పాత పొరపాట్లున్నాయి. మొదటిది, స్విచ్‌కే పింగ్ కొట్టడం. జవాబు 10 మిల్లీసెకండ్లు వచ్చిందని కంగారు పడతారు. పింగ్‌కి జవాబిచ్చేది స్టాక్ మొత్తానికి పెద్దగా ఉన్న డబ్బాలోని సీపీయూ. దానికి వేరే పనులుంటాయి, తీరిక చూసుకుని చెబుతుంది. డేటాని మోసేది వేరే చిప్. పింగ్ కొట్టాల్సింది స్విచ్‌కి కాదు, దాన్ని దాటి అవతల ఉన్న కంప్యూటర్‌కి. రెండోది, గ్రాఫ్ చూసి "పోర్టు 5 శాతమే వాడుతోంది" అనడం. ఆ అంకె మామూలుగా 5 నిమిషాల సగటు. 300 సెకండ్లలో 10 మిల్లీసెకండ్ల ఉప్పెన 30,000లో ఒక వంతు. సగటులో అది కనపడదు. పడిపోయిన ప్యాకెట్ల కౌంటర్‌లో కనపడుతుంది.

ఆ కౌంటర్ పెరగడానికి ఒక్కోసారి కారణం మనమే. ఆఫీసులో ఐపీ ఫోన్లు పెట్టారు, మాట తెగకూడదని 3750లో క్యూఓఎస్ ఆన్ చేశారు. ఆన్ చెయ్యగానే ఒక్కో పోర్టు బఫర్ 4 క్యూలకి పంచుకుపోతుంది. మామూలు డేటా అంతా వాటిలో ఒక్కదాంట్లోనే పడి, చిన్న ఉప్పెనకే నిండిపోతుంది. ఫోన్లు బ్రహ్మాండంగా పలుకుతాయి, ఫైళ్లు నత్తనడక నడుస్తాయి. ఆలస్యం తగ్గించడానికి నొక్కిన మీటే ఇంకోచోట ఆలస్యం పెంచింది.

మరి బఫర్ పెద్దది పెడితే పోదా అంటారు. అలా పెట్టీ పెట్టీ ఇంటర్నెట్ మొత్తానికి ఏం ముంచుకొచ్చిందో, దానికి బఫర్‌బ్లోట్ అన్న పేరు ఎలా వచ్చిందో వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.